అప్‌డేట్: నాన్న బీపీ, క్లినిక్‌లో అడిగిన తిండి లెక్కలు

మందులు మానకుండా వేసుకుంటున్నా నాన్నకి బీపీ దిగట్లేదు, డాక్టర్లు తిండి సంగతి ఎందుకు అడగరు అని మొన్న అడిగాను కదా (మాది పర్లాకిమిడి). మీలో కొందరు చెప్పినట్టే వేరే క్లినిక్‌కి తీసుకెళ్లాం. అక్కడ డాక్టరు చూడకముందే నర్సమ్మ ఒక కాగితం పెట్టుకుని వరసగా అడిగింది, పచ్చడి రోజూ ఉంటుందా, ఎండుచేప వారానికి ఎన్నిసార్లు, చద్దన్నంలో ఉప్పు కలుపుకుంటారా, అప్పడాలు, మిక్చరు, బయట టిఫిను, ఆఖరికి ఇంట్లో నెలకి ఉప్పు ఎంత అవుతుందని కూడా.

"నేను ఉప్పు తక్కువే తింటానమ్మా" అన్నారు నాన్న. అమ్మ ఒక్క చూపు చూసింది. ముగ్గురికి నెలకి కిలో ప్యాకెట్ చాలదు మాకు! మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్కన అరకిలో కూడా పట్టకూడదు, పైగా పచ్చడి, ఎండుచేపల ఉప్పు ఇందులో లేదు.

సోడియం తక్కువ ఉప్పు కొంటామంటే డాక్టరు ఆగమన్నారు. అందులో పొటాషియం ఉంటుంది, నాన్న వేసుకునే బీపీ మాత్ర టెల్మిసార్టన్ కూడా ఒంట్లో పొటాషియం పెంచొచ్చు, అందుకని ముందు కిడ్నీ పరీక్ష చేయించాలట. బీపీ ఇప్పుడు కాస్త దిగింది, మాత్రలు మాత్రం అలాగే నడుస్తున్నాయి. ఎండుచేప దగ్గరే ఇంకా బేరాలు తెగట్లేదు.