‘తటస్థం’ వేరు, ‘మధ్యేమార్గం’ వేరు

ప్రశ్న: అమెరికా అధ్యక్షుడు ఎడమకో కుడికో ఒరిగిపోకుండా నడుమ నిలబడి పాలించాలని వాదించే వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ఇంగ్లీషులోని ‘సెంటర్’ను ‘కేంద్రం’ అని రాస్తే కేంద్ర ప్రభుత్వం అనుకుంటారు. ‘తటస్థంగా పాలించాలి’ అనొచ్చా?

జవాబు: తటస్థం వద్దండీ. తటం అంటే ఒడ్డు. తటస్థుడు ఒడ్డున నిలబడ్డవాడు, నీళ్ళలో దిగడు. తీర్పు చెప్పేవాడికి ఆ మాట సరిపోతుంది గానీ దేశాన్ని నడిపేవాడికి సరిపోదు.

‘మధ్యేమార్గం’ రాయండి. ‘పారే మధ్యే షష్ఠ్యా వా’ అని పాణిని సూత్రం. మధ్యేగంగం అంటే గంగ నడుమ. ఆ లెక్కన మధ్యేమార్గం అంటే అసలు ‘దారి మధ్యలో’ అనే అర్థం, వాడుకలో ‘నడిమి దారి’ అయింది. నాకు మాత్రం ఆ గంగ నడుమ అన్న బొమ్మే ఇష్టం. అక్కడి నుంచి రెండు ఒడ్లూ కనిపిస్తాయి, ప్రవాహం తాకిడీ అక్కడే ఎక్కువ.

జాతి వివక్షను నిషేధించిన 1964 అమెరికా పౌర హక్కుల చట్టమే చూడండి. అధ్యక్షుడు జాన్సన్‌కు సొంత డెమొక్రాటిక్ పార్టీలోని దక్షిణాది సెనేటర్లే అడ్డుపడ్డారు. దాంతో రిపబ్లికన్ నాయకుడు ఎవరెట్ డర్క్‌సన్‌ను కలుపుకున్నారు, ఆయన అడిగిన సవరణలు బిల్లులో చేరాయి. బిల్లును ఆపాలని సెనేట్‌లో సాగించిన ఆగని ప్రసంగాలకు 71–29 ఓట్లతో తెరపడింది, తర్వాత బిల్లు 73–27తో గట్టెక్కింది. ఒడ్డున కూర్చుంటే వచ్చే ఓట్లు కావవి.

మరో సభ్యురాలు: మధ్యేమార్గం అంటే గోడమీద పిల్లివాటమే కదండీ?

జవాబు: కాదమ్మా. గోడమీద పిల్లి ఎటు లాభముంటే అటు దూకుతుంది. జాన్సన్ ఎటు వెళ్ళాలో ముందే తేల్చుకున్నారు. ఎవరిని వెంట తీసుకెళ్ళాలన్న దగ్గరే సర్దుకున్నారు. డెమొక్రాట్ అధ్యక్షుడు ఒబామా తెచ్చిన 2010 ఆరోగ్య బీమా చట్టం మంచిదేనని నా నమ్మకం. అయినా ఒక్క రిపబ్లికన్ ఓటూ లేకుండా వచ్చిన ఆ చట్టం మెడమీద ఏళ్ళ తరబడి కత్తి వేలాడింది. 2017లో దానిలోని కొన్ని కీలక భాగాలను ఎత్తేయబోయిన బిల్లు సెనేట్‌లో 49–51తో వీగిపోయింది. చట్టం మీద ఆశ పెట్టుకున్న రోగులకు అదెంత టెన్షన్! అధ్యక్షుడు నడుమ నిలవాలని నేను గట్టిగా అనేది వాళ్ళ కోసమే.

ఇక మీ వాక్యం సంగతి. ‘మధ్యేమార్గం నుంచి పాలించాలి’ అనకండి, దారి నుంచి తప్పుకున్నట్టు వినిపిస్తుంది. ‘మధ్యేమార్గాన పాలించాలి’ అనండి.