దించిన సివిక్‌కు క్యాంబర్ కిట్: నల్లగొండల ఫిట్ చేపిచ్చి అలైన్‌మెంట్‌కు హైదరాబాద్ దాకా నడపొచ్చా?

నల్లగొండ సివిక్
అన్నలందరికి నమస్తే. నాది 2009 హోండా సివిక్ కారు, పెట్రోల్ మాన్యువల్. లోయరింగ్ స్ప్రింగ్స్ (బండిని కిందికి దించేటివి) ఏపిచ్చి కొన్ని నెలలైంది, బండి మలుపుల మీద మస్తు పట్టుకుంటది గాని ఎనక టైర్లు రెండు లోపలి అంచు మొత్తం అరిగినయ్, బయటికెల్లి చూస్తే కొత్తగనే ఉన్నయ్, జాకీ ఎత్తినంక తెల్సింది లోపల తీగలు తేలినయని. టౌన్ల ఒక షాపుకు తీస్కపోతె ముందట టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండుడు) ఒక్కటే సెట్ చేసి ఎనకది ఫిక్స్‌డ్ ఉంటది, ఏం చేయరాదన్నరు. ఇప్పుడు క్యాంబర్ (చక్రం నిలువుగ కాకుండ పక్కకు వంగి ఉండుడు) సరిచేసే కిట్, అంటే ఎనకకు అడ్జస్టబుల్ అప్పర్ ఆర్మ్స్ (చక్రాన్ని పైన పట్టే, పొడుగు మార్చే ఆర్మ్‌లు), ముందటికి క్యాంబర్ బోల్టులు తెప్పిద్దామనుకుంటున్న. ఫిట్టింగ్ ఇక్కడ తెల్సిన మెకానిక్ దగ్గర, అలైన్‌మెంట్ హైదరాబాద్‌ల. నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీద నుంచి దగ్గర దగ్గర 100 కిలోమీటర్లు ఉంటది. సెట్టింగ్ లేకుండ అంత దూరం హైవే మీద పోతె కొత్త టైర్లు ఖరాబైతయా? ఎవరన్న చేసినోళ్లుంటే జెర చెప్పుండ్రి.

పాలమూరు రోడ్స్
తమ్మీ, ముందుగల ఆ టైర్లతోని హైవే ఎక్కుడు బంద్ చెయ్. తీగలు తేలిన టైరు ఎండల స్పీడు మీద ఎప్పుడు పగుల్తదో తెల్వది, 65 నంబర్ హైవే మీద లారీలు, బస్సులు ఎట్ల పోతయో నీకు నాకన్న ఎక్కువ తెల్సు. కిట్ సంగతి తర్వాత.

స్పానర్ భయ్యా
ఎనక ఫిక్స్‌డ్ అన్నది ఆ బండికి తప్పు. పోలో అసొంటి కార్లకు ఎనక ట్విస్ట్ బీమ్ (రెండు చక్రాలను కలిపే ఒక్కటే దూలం) ఉంటది, వాటికి కంపెనీ అడ్జస్ట్‌మెంట్ ఉండదు కాబట్టి అందరికి అదే చెప్తరు. నీ సివిక్‌కు ఎనక డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైన, కింద వేరే వేరే ఆర్మ్‌లు పట్టే సస్పెన్షన్), టోకు కంపెనీ అడ్జస్ట్‌మెంట్ ఉన్నది, లేనిది క్యాంబర్‌కు. బండి దించితె పైన ఆర్మ్ చక్రం పైభాగాన్ని లోపలికి గుంజుతది, అందుకే నెగెటివ్ క్యాంబర్ పెరిగింది. అప్పర్ ఆర్మ్ కొద్దిగ పొడుగు చేస్తే చక్రం మళ్ల నిలవడ్తది.

ఇగ నీ అసలు డౌట్. పాత ఆర్మ్ విప్పినంక పారెయ్యకు, పక్కన పెట్టుకొని బోల్టు రంధ్రం నడుమ నుంచి ఇంకో బోల్టు రంధ్రం నడుమ దాకా కొలువు, కొత్త ఆర్మ్‌ను గంతే పొడుగుకు తిప్పి లాక్ నట్ బిగించు, అప్పుడు ఫిట్ చెయ్. గిట్ల చేస్తే చక్రం ఎట్లున్నదో అట్లనే ఉంటది, క్యాంబర్ మారదు, టో మారదు, నిమ్మళంగ హైదరాబాద్ పోవచ్చు, పొడుగు అక్కడ అలైన్‌మెంట్ మిషిన్ మీదనే పెంచుతరు. కంటిచూపుతోని అందాజగ పొడుగు చేస్తేనే ఖరాబైతది, ఎందుకంటె క్యాంబర్ తిప్పితె దానెంబడి టో గూడ కదుల్తది, టైరును తినేది ఎక్కువ టోనే.

ఇంకోటి చాలమంది మెకానిక్‌లు పట్టించుకోరు గాని గట్టిగ అడుగు: రబ్బరు బుష్ ఉన్న బోల్టులు బండి గాల్ల ఉన్నప్పుడు ఫుల్ టైట్ చేయొద్దు. చక్రాల మీద బరువు పడ్డంకనే బిగియ్యాలె, లేకుంటే బుష్ మెలితిరిగే ఉండి తొందరగ చినుగుతది. ఒట్టి జాకీ మీద నమ్మకం పెట్టుకొని కిందికి దూరొద్దు, స్టాండ్లు తప్పకుండ పెట్టాలె. పాత బండి కదా, ఎనక టో బోల్టు తుప్పుతోని బుష్‌ల పట్టేసి ఉండొచ్చు, ముందురోజే తుప్పు వదిలే స్ప్రే కొట్టి నాననియ్. అది కదలకపోతె అక్కడ మిషిన్ మీద బండి పెట్టి గూడ ఫాయిదా లేదు.

సాగర్ రోడ్ రైడర్
పైన అన్న చెప్పింది కరెక్ట్. నేను ఒక్కదాంట్లనే ఒప్పుకోను, ముందట క్యాంబర్ బోల్టులు ఇప్పుడే ఎందుకు తెప్పిచ్చుడు? ముందు కొలతలు తీపియ్. నాలుగు చక్రాల రీడింగ్ ప్రింట్ తీస్కొ, ముందట ఒక డిగ్రీ చిల్లర నెగెటివ్ ఉండి రెండు దిక్కుల సమానంగ ఉంటే అట్లనే వదిలెయ్, టో సాపుగ ఉంటే టైరు అంత తొందరగ పోదు, మలుపుల మీద పట్టు గూడ ఉంటది. ఎడమకు కుడికి తేడా ఎక్కువుంటేనే బోల్టులు.

టో తేడా ఇంటికాడనే పసిగట్టొచ్చు. టైరు మీద అరచెయ్యి అడ్డంగ రుద్దు, ఒక దిక్కు నున్నగ, ఎదురు దిక్కు గరుకుగ తగిల్తె టో తప్పినట్టే. టేపుతోని గూడ చూడొచ్చు, చక్రం నడుమ ఎత్తుల టైర్ల ముందటి అంచుల మధ్య దూరం, ఎనక అంచుల మధ్య దూరం కొలువు. 25 అంగుళాల ఎత్తున్న టైరుకు రెండు చక్రాలు కలిపి ఒక డిగ్రీ తేడా అంటే సుమారు 11 మిల్లీమీటర్లు. గంత వచ్చిందంటె ఇంటికాడనే కొంత సర్దినంకనే బయల్దేరు.

నల్లగొండ సివిక్
మస్తు థ్యాంక్స్ అన్నా, ఆర్మ్ పొడుగు కొలిచి పెట్టుడు నాకు తట్టనే లేదు. ముందట బోల్టులు ఆపుత, ఎనక ఆర్మ్స్ ఒక్కటే తెప్పిస్త. మిషిన్ కాడ వాళ్లకు ఏం చెప్పాలె?

స్పానర్ భయ్యా
ఫోన్‌లనే అడుగు, ఎనక క్యాంబర్ తిప్పుతరా, ముందు-తర్వాత ప్రింట్ ఇస్తరా అని. మేం తిప్పం అని అంటే వేరే షాపు చూస్కో. గాలి నాలుగు టైర్లల్ల సరిగ కొట్టిచ్చి, డిక్కీల సామాను తీసేసి పో. వరుస ఇది: ముందుగల ఎనక క్యాంబర్, తర్వాత ఎనక టో, ఆఖరుకు ముందట టో, స్టీరింగ్ నడుమకు లాక్ చేసినంకనే. ఎనకది వంకర ఉంచి ముందటిది సెట్ చేస్తే బండి సీదా పోయినా స్టీరింగ్ వంకరుంటది. లాక్ నట్లన్ని బిగిచ్చినంక మళ్లొక్కసారి రీడింగ్ చూపియ్యమను, బిగిచ్చేటప్పుడే జరుగుతయ్. ప్రింట్ ఇక్కడ పెట్టు, చూసి చెప్తం.