శుక్లం మొదలైందట: ముదిరేదాకా ఆగాలా?

డిండి_గట్టు:
మా అమ్మకు 62 ఏళ్లు. ఊరు దేవరకొండ దగ్గర. చీకటి పడ్డాక ఎదురొచ్చే బండి లైట్లు కళ్లలో చెదిరిపోతున్నాయంటే నల్లగొండలో చూపించాం. రెండు కళ్లలోనూ శుక్లం మొదలైందని, ప్రస్తుతానికి అద్దాలు మారిస్తే చాలని అన్నారు. విచిత్రం ఏమిటంటే, ఈ మధ్య చత్వారం అద్దాలు లేకుండానే అమ్మ పంచాంగం చదువుతోంది. ముదిరాకే ఆపరేషన్ అని అన్నయ్య పట్టు. ఏం చేయమంటారు?

విశ్రాంత_పంతులు:
మీ అన్నయ్య మాటే నిజం. పండకముందే కాయ కోస్తారా? అద్దాలు లేకుండా చదువుతున్నారంటే చూపు బాగుపడుతున్నట్టే.

పాలమూరు_కళ్లజోడు:
పంతులుగారూ, అది బాగుపడటం కాదు. కంటిలోని లెన్సు నడిమధ్య గట్టిపడి పసుపు రంగుకు తిరుగుతుంది, వెలుతురును మునుపటికన్నా ఎక్కువ వంచుతుంది. అందుకే దగ్గరి చూపు తేటపడి దూరం మసకబారుతుంది. కొన్నాళ్లకు ఆ దగ్గరి చూపూ తగ్గిపోతుంది. ఇక ముదరడమంటారా, పెద్ద కోత పెట్టి లెన్సు తీసి సోడాబుడ్డి అద్దాలు ఇచ్చిన కాలపు మాట అది. 1967లో అమెరికా వైద్యుడు చార్లెస్ కెల్మన్ లెన్సును అల్ట్రాసౌండుతో ముక్కలు చేసి పీల్చేసే పద్ధతి తెచ్చాడు. ఆ పద్ధతిలో ఇప్పుడు కోత మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మరీ ముదిరితే ఆ పనే కష్టం. కొందరికి లెన్సు ఉబ్బి కంటిలో ఒత్తిడి కూడా పెరుగుతుంది.

మర్రిగూడ_నీళ్లు:
అంతా మన ఫ్లోరైడ్ నీళ్ల పుణ్యం.

పాలమూరు_కళ్లజోడు:
ఫ్లోరైడ్ దెబ్బ పళ్లకు, ఎముకలకు. శుక్లానికి వయసు చాలు. షుగర్, పొగ, ఎండ, ఏళ్ల తరబడి వాడిన స్టెరాయిడ్లు తోడైతే ఇంకా ముందే వస్తుంది.

బాటసారి:
కరిగించే చుక్కల మందు ఉందటగా?

పాలమూరు_కళ్లజోడు:
లేదు. కొనకండి.

విశ్రాంత_పంతులు:
కెల్మన్ సంగతి నాకెందుకు? ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. ఆమె పంచాంగం చదువుతున్నారా, లేదా? చదివే కంటికి కత్తి ఎందుకు?

పాలమూరు_కళ్లజోడు:
కత్తి పెట్టమని నేనెక్కడ అన్నాను? పైకి వెళ్లి చూడండి. ముదరనక్కర్లేదన్నాను, రేపే చేయించమనలేదు. అద్దాలతో పని జరిగినన్నాళ్లు అద్దాలే.

విశ్రాంత_పంతులు:
అద్దాలు అమ్మేవారు అలాగే అంటారు.

హాలియా_కోడలు:
మీ ఇద్దరి గొడవలో ఆమెను అడిగినవారు లేరు. 2018లో కంటి వెలుగు శిబిరంలోనే మా అత్తయ్యకు శుక్లం ఉందన్నారు. ముదరనీ, ముదరనీ అంటూ ఇంట్లో నెట్టుకొచ్చారు. బియ్యంలో రాళ్లు కనబడక ఆమె మాటలు పడింది. అదే మామయ్యకు రాగానే ఆ నెలలోనే చేయించారు! ముదరాలన్న నియమం ఆడవాళ్ల కళ్లకేనా?

విశ్రాంత_పంతులు:
అమ్మా, అందరినీ ఒకే గాటన కట్టకండి. నా భార్యకు నేనే తొందరపడి చేయించాను. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు, చూపు మాత్రం రాలేదు. షుగర్ వల్ల కంటి వెనక పొర అప్పటికే దెబ్బతిందట. ఆ సంగతి డబ్బు కట్టాక చెప్పారు. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే ఆ కంటిని ముట్టనిచ్చేవాణ్ణి కాదు.

పాలమూరు_కళ్లజోడు:
ఆగడం వల్ల కాదు సారు, ముందే పాప పెద్దదయ్యే చుక్కలు వేసి కంటి వెనక భాగం చూసి ఉంటే తెలిసేది. షుగర్ ఉన్నవారికి అది తప్పనిసరి. శుక్లం తీసినా పాడైన పొర బాగుపడదని ముందే చెప్పడం వారి బాధ్యత.

విశ్రాంత_పంతులు:
చెప్పలేదు. అడగాలని మాకు తెలియదు.

డిండి_గట్టు:
అమ్మకూ షుగర్ ఉంది. అది రాయడం మరిచాను. ఇప్పుడే ఫోనులో అడిగాను. పగలు పత్తి ఏరడానికి ఇబ్బంది లేదట, రాత్రిపూట బండి మీద వెనక కూర్చోవాలన్నా భయమట. వెనక పొర పరీక్ష ఈ వారమే చేయిస్తాను. ఆపరేషన్ అవసరమైతే పత్తి అయిపోయాక చేయించుకుంటానంటోంది. అన్నయ్యతో ఆమే మాట్లాడుతుందట.

విశ్రాంత_పంతులు:
మంచిది. అప్పటికి కాస్త ముదురుతుంది కూడా.

పాలమూరు_కళ్లజోడు:
మళ్లీ అదే మాట!