బాధితుల సంస్థ కమిటీలోకి రమ్మంటున్నారు, ఒప్పుకోనా?

ప్రశ్న (విజయనగరం):
బ్యాంకులో లెక్కలు చూసి రిటైరయ్యాను. మూడు లాంతర్ల దగ్గర ఒక చిన్న సంస్థ ఉంది. లైంగిక దాడికి గురైన ఆడవాళ్లకు తోడుగా ఆసుపత్రికి, స్టేషన్‌కి, కోర్టుకి వెళ్తారు. నన్ను కోశాధికారిగా రమ్మన్నారు. లెక్కలంటే భయం లేదు. మొన్న మీటింగు చూద్దామని వెళ్తే, కమిటీలో ఒకాయన పకోడీ నములుతూ "ఆ అమ్మాయి ఎవరి తాలూకా?" అన్నాడు. ఇక అక్కడ కూర్చోబుద్ధి కాలేదు.

జవాబు (లాయరు, శ్రీకాకుళం):
అందుకే వెళ్లండమ్మా. బాధితురాలి గుర్తింపు ప్రచురిస్తే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. నోటి మాటకైనా కమిటీకి కేసుల సంఖ్య చాలు, పేరూ ఊరూ దేనికి? బిల్లుల మీద కూడా పేరు కాదు, కేసు నంబరే రాయించండి. 18 ఏళ్లలోపు పిల్లయితే మాత్రం పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. పరువు పేరుతో దాచకూడదు.

జవాబు (పలాస):
నేనూ ఇలాంటి పదవే చేశాను. రాత్రి రెండింటికి ఒకామెను ఆసుపత్రికి తీసుకెళ్లిన మా వర్కర్‌ని ఆటో రసీదు అడిగాను. ఆ పిల్ల చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. ఆటోవాడు రసీదిస్తాడా! తర్వాత ముందే కొంత డబ్బు చేతికిచ్చి, సంతకంతో సరిపెట్టాం.

ప్రశ్న అడిగినావిడ:
గోప్యత పత్రం మీద అందరూ సంతకం పెడితేనే వస్తానన్నాను. పకోడీ ఆయన మావారికి చుట్టం, అదొక్కటే టెన్షన్.