గ్రేస్ పీరియడ్ (చదువయ్యాక కిస్తీ కట్టక్కర్లేని గడువు) జూన్‌తో అయిపోతోంది, లోన్ సర్వీసర్ అకౌంట్ గురించి సలహా కావాలి

కొలంబస్, ఒహాయో నుంచి:

అన్నయ్యలకూ అక్కలకూ నమస్కారం. పెళ్లయ్యాక 2023లో గ్రీన్ కార్డ్ మీద ఇక్కడికి వచ్చాను. హెల్త్ ఇన్ఫర్మేటిక్స్‌లో మాస్టర్స్ చేసి 2025 డిసెంబర్‌లో పట్టా తీసుకున్నాను. ఫాఫ్సా (ప్రభుత్వ విద్యాసాయం దరఖాస్తు) నింపితే ఫెడరల్ లోన్ ఇచ్చారు. మొదటి ఏడాదికి 20,500 డాలర్లు, చివరి సెమిస్టర్‌కు 10,250. ఇప్పుడు ఎవరో సర్వీసర్ అట, అకౌంట్ తెరవమని మెయిల్ మీద మెయిల్ పంపుతున్నారు. అప్పిచ్చింది గవర్నమెంట్ కదా, మధ్యలో వీళ్లెవరు? నాన్నగారేమో తెనాలి దగ్గరున్న ప్లాటు అమ్మి మొత్తం ఒకేసారి కట్టేద్దాం అంటున్నారు. అప్పు మాట వింటే ఆయనకు నిద్ర పట్టదు. నాకూ టెన్షన్‌గానే ఉంది. ఈ నెలే ఒక ఆస్పత్రిలో ఉద్యోగంలో చేరాను. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

రాలీ, నార్త్ కరొలైనా నుంచి:

ముందు ప్లాటు అమ్మకం ఆపించమ్మా, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. ఊళ్లో బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ అంటే నాన్న సంతకం, ఇంటి కాగితాల తాకట్టు. అందుకే ఆయనకు భయం. ఈ లోన్‌కు హామీదారు లేరు, తాకట్టు లేదు. ఇది నీ ఒక్కదాని పేరు మీదే ఉంది. ముందే కట్టేస్తే పెనాల్టీ ఏమీ లేదు కాబట్టి ఎప్పుడు కావాలంటే అప్పుడు తీర్చుకోవచ్చు. ఈ మాట ఆయనకు ఫోన్‌లో నిదానంగా చెప్పు.

అప్పిచ్చింది అమెరికా విద్యాశాఖే. బిల్లు పంపడం, డబ్బు జమ చేసుకోవడం, ఫారాలు చూడటం లాంటి పనులను నెల్‌నెట్, మోహెలా, ఎయిడ్‌వాంటేజ్, ఎడ్‌ఫైనాన్షియల్ లాంటి సంస్థలకు కాంట్రాక్టుకు ఇచ్చింది. ఎవరు కావాలో మనం ఎంచుకోలేం. మనల్ని అడక్కుండానే మార్చేస్తారు కూడా. నావియెంట్ తప్పుకుంటే దాని దగ్గరున్న ఫెడరల్ ఖాతాలు 2021 చివర్లో ఎయిడ్‌వాంటేజ్‌కు వెళ్లాయి. గ్రేట్ లేక్స్ ఖాతాలు 2023కల్లా నెల్‌నెట్‌కు చేరాయి. అలా మారినప్పుడు అకౌంట్ నంబర్ మారుతుంది, కొత్త చోట మళ్లీ రిజిస్టర్ అవ్వాలి, ఆటోపే నడుస్తోందో లేదో చూసుకోవాలి. అందుకే కట్టిన ప్రతి పైసా లెక్కా నీ దగ్గర ఉండాలి. ఆరు నెలలకోసారి పేమెంట్ హిస్టరీ పీడీఎఫ్‌గా దించి దాచుకో.

నీ సర్వీసర్ ఎవరో మెయిల్ చూసి నమ్మకు. స్టూడెంట్‌ఎయిడ్ డాట్ గవ్‌లో ఫాఫ్సాకు వాడిన ఐడీతోనే లాగిన్ అయితే డ్యాష్‌బోర్డ్‌లో సర్వీసర్ పేరు, ఒక్కో లోన్ వడ్డీ రేటు, బాకీ అన్నీ కనిపిస్తాయి. అక్కడ పేరు చూసుకుని, ఆ సంస్థ సైట్ అడ్రస్ నువ్వే టైప్ చేసి వెళ్లు. అకౌంట్ తెరవగానే యూనివర్సిటీ మెయిల్ తీసేసి నీ సొంత మెయిల్ పెట్టు. చదువయ్యాక కాలేజీ మెయిల్ ఎప్పుడు మూతపడుతుందో చెప్పలేం, బిల్లులేమో దానికే పోతుంటాయి. ఇల్లు మారితే ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కు పది రోజుల్లో చెప్పాలని మనందరికీ తెలుసు, సర్వీసర్‌కూ చెప్పాలని మాత్రం చాలామందికి గుర్తుండదు.

ఇక డబ్బు సంగతి. నీ మొదటి లోన్ 2024–25ది అయితే వడ్డీ 8.08 శాతం, రెండోది 2025–26ది కాబట్టి 7.94 శాతం. 20,500లో 1.057 శాతం ఫీజు ముందే కోసుకున్నారు కాబట్టి కాలేజీకి చేరింది దాదాపు 20,283. వడ్డీ మాత్రం 20,500 మీదే. మాస్టర్స్‌కు ఇచ్చేవి అన్‌సబ్సిడైజ్డ్ లోన్లు, అంటే డబ్బు వచ్చిన రోజు నుంచే వడ్డీ మొదలు. గ్రేస్ పీరియడ్‌లో కట్టక్కర్లేదన్నారే గానీ వడ్డీ లేదనలేదు. రెండింటికీ కలిపి రోజుకు 6 డాలర్ల 77 సెంట్లు. ఈ లెక్కన జూన్ నాటికి పేరుకున్న వడ్డీ మూడు వేలు దాటుతుంది. పదేళ్ల స్టాండర్డ్ ప్లాన్‌లో నీ నెల కిస్తీ 400 పైచిలుకు ఉంటుంది. అందులో రెండొందలు ఆ నెల వడ్డీకే సరి, మిగతాది పాత వడ్డీకి. ఏడాది దాటినా అసలు తగ్గలేదేమిటని కంగారుపడతావేమో, నియమమే అంత: వడ్డీ పూర్తిగా తీరాకే అసలుకు జమ.

అందుకే ప్లాటు అమ్మడం కన్నా, ఇప్పుడు ఉద్యోగం వచ్చింది కాబట్టి గ్రేస్ పీరియడ్‌లోనే ఎంతో కొంత కట్టడం మొదలుపెట్టు. కిస్తీ కన్నా ఎక్కువ కట్టేటప్పుడు ఒక జాగ్రత్త. నువ్వు వెయ్యి అదనంగా వేశావనుకో, ఏమీ చెప్పకపోతే సర్వీసర్ దాన్ని రాబోయే నెలల కిస్తీలుగా లెక్కేసి డ్యూ డేట్ తర్వాతి నెలలకు జరిపేయొచ్చు. బిల్లు సున్నా అని వస్తుంది, మనం సంతోషిస్తాం, వడ్డీ మాత్రం రోజూ నడుస్తూనే ఉంటుంది. డ్యూ డేట్ జరపొద్దని, అదనపు డబ్బు 8.08 శాతం లోన్‌కే వేయమని సైట్‌లో సెట్ చేసుకో, లేదా ఇన్‌బాక్స్‌లో మెసేజ్ పెట్టు. ఫోన్‌లో చెప్పినా రాతలో కూడా ఉండాలి. ఆటోపే పెడితే పావు శాతం వడ్డీ తగ్గుతుంది, నీ బాకీకి అది ఏడాదికి 77 డాలర్ల దాకా.

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి:

అన్నయ్య చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. "మీ లోన్ మాఫీ చేయిస్తాం, 600 డాలర్లు కట్టండి" అని ఫోన్లు వస్తాయి, ఈమధ్య తెలుగులో కూడా. ప్లాన్ మార్చడానికి గానీ ఫారం నింపడానికి గానీ సర్వీసర్ రూపాయి తీసుకోడు. పాస్‌వర్డ్ అడిగితే ఫోన్ పెట్టేయండి.

మన పేర్ల గొడవ ఒకటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకలా, సోషల్ సెక్యూరిటీ కార్డులో ఇంకోలా ఉంటే లాగిన్ దగ్గరే సరిపోలలేదంటుంది. సోషల్ సెక్యూరిటీ కార్డులో ఉన్నట్టే అన్నిచోట్లా పెట్టండి.

ఎఫ్1 మీద వచ్చిన తమ్ముళ్లు ఈ చర్చ చదివి ఫాఫ్సా నింపడానికి కూర్చోకండి. ఎఫ్1, హెచ్4, హెచ్1బీ వాళ్లకు ఫెడరల్ లోన్ రాదు. మీవన్నీ ఊళ్లో బ్యాంకులవో, ప్రైవేటువో. వాటి రూల్స్ వేరు.

కొలంబస్, ఒహాయో నుంచి:

చాలా థ్యాంక్స్ అన్నయ్యా, నాన్నగారితో మాట్లాడాను, ప్రస్తుతానికి ఆగారు. ఇంకో సందేహం. మా ఆస్పత్రి నాన్ ప్రాఫిట్. పదేళ్లు పనిచేస్తే లోన్ పోతుందని తోటివాళ్లు అంటున్నారు. మావారిది సాఫ్ట్‌వేర్ జీతం, ట్యాక్స్ ఇద్దరం కలిపే ఫైల్ చేస్తాం. ఇది నాకు పనికొస్తుందా?

ప్లేనో, టెక్సస్ నుంచి:

వాళ్లన్నది నిజమే గానీ సగమే. ఆ స్కీమ్‌ను పీఎస్‌ఎల్‌ఎఫ్ అంటారు. లెక్కకు వచ్చే నెలవారీ పేమెంట్లు 120 కట్టాక మిగిలింది కొట్టేస్తారు. కానీ పదేళ్ల స్టాండర్డ్ ప్లాన్‌లో 120 కిస్తీలు కడితే అప్పే తీరిపోతుంది, మాఫీకి మిగిలేదేముంది? ఆదాయాన్ని బట్టి కిస్తీ తగ్గే ప్లాన్‌లో ఉంటేనే లాభం. ఇద్దరూ కలిపి ఫైల్ చేస్తే మీవారి జీతం కూడా లెక్కలోకి వస్తుంది, ఆదాయాన్ని బట్టి నడిచే ఐబీఆర్ ప్లాన్‌లో కిస్తీ స్టాండర్డ్ దాకా వెళ్లిపోతుంది. విడిగా ఫైల్ చేస్తే నీ జీతమే చూస్తారు. అయితే ట్యాక్స్ పెరగొచ్చు, 2,500 డాలర్ల దాకా ఉండే స్టూడెంట్ లోన్ వడ్డీ మినహాయింపూ పోతుంది. ట్యాక్స్ లెక్కలు చూసే సీపీఏ దగ్గర రెండు రకాలుగా లెక్క వేయించు. మా టెక్సస్‌లో విడిగా ఫైల్ చేసినా భార్యాభర్తల జీతాలు సగం సగం లెక్కే, ఒహాయోలో ఆ తలనొప్పి లేదు. నీ అప్పు అసలు 31 వేల లోపే కాబట్టి నా లెక్కలో మాఫీ కోసం పదేళ్లు ఎదురుచూడటం కన్నా మూడు నాలుగేళ్లలో తీర్చేయడమే నయం.

అయినా ఆ దారి మూసేయకు. జీతం వివరాలతో యజమాని ఏటా ఇచ్చే డబ్ల్యూ2 ఫారం మీద ఉన్న ఈఐఎన్ (యజమాని గుర్తింపు) నంబర్‌ను స్టూడెంట్‌ఎయిడ్ సైట్‌లో వెతికితే మీ ఆస్పత్రి అర్హమో కాదో చెప్పేస్తుంది. డబ్ల్యూ2 ఎవరు ఇస్తారన్నదే ముఖ్యం. కన్సల్టెన్సీ పేరోల్ మీద ఉండి ఆస్పత్రిలో కూర్చున్నా అది చెల్లదు. మనవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఇంకోటి, తేదీ గుర్తుపెట్టుకో. 2026 జూలై 1 నుంచి కొత్త రూల్స్. ఆ తర్వాత ఇంకో ఫెడరల్ లోన్ తీసుకున్నా, ఉన్నవాటిని కన్సాలిడేట్ చేసినా ఐబీఆర్‌కు దారి మూసుకుపోతుంది. ఆదాయాన్ని బట్టి కిస్తీ ఉండే కొత్త ప్లాన్ రాప్‌లో, పీఎస్‌ఎల్‌ఎఫ్ లేకపోతే, మాఫీకి ముప్పై ఏళ్లు. రెండు లోన్లను ఒకటి చేస్తే సులువని ఎవరైనా అంటే తొందరపడకు. తక్కువ వడ్డీ అంటూ ప్రైవేటు బ్యాంకులో రీఫైనాన్స్ చేస్తే ఇవేవీ ఉండవు, మళ్లీ ఫెడరల్‌కు తిరిగి రాలేవు.

రాలీ, నార్త్ కరొలైనా నుంచి:

ఉద్యోగం పోతే మాత్రం బిల్లు పక్కన పడేయకమ్మా. 90 రోజులు దాటితే క్రెడిట్ బ్యూరోలకు వెళ్తుంది, 270 రోజులు దాటితే డిఫాల్ట్. అప్పుడు కోర్టుకు వెళ్లకుండానే జీతంలో 15 శాతం దాకా, ట్యాక్స్ రీఫండ్ కూడా పట్టుకునే అధికారం గవర్నమెంట్‌కు ఉంది. ముందే ఫోన్ చేస్తే కిస్తీ తగ్గించే ప్లానో, కొన్నాళ్లు వాయిదానో ఇస్తారు. లాగిన్ అయ్యాక రెండు లోన్ల రేట్లు నేను చెప్పినట్టే ఉన్నాయో లేదో ఇక్కడ రాయి, అదనంగా ఎంత కట్టాలో లెక్క వేసిపెడతాను.