లియోఁ నగరపు ‘త్రబూల్’ని తెలుగులో ఏమనాలి?

మిత్రులారా, ఫ్రాన్సులోని లియోఁ చూడ్డానికి వెళ్తున్న మా బంధువుల కోసం తెలుగులో చిన్న గైడ్ రాస్తున్నాను. పాత ఊరు, పట్టు నేత, బూషోఁలలో (అక్కడి భోజనశాలల్లో) భోజనం, అన్నీ రాయగలిగాను కానీ త్రబూల్ దగ్గర, అంటే ఇళ్ల లోపలినుంచి ఒక వీధి నుంచి ఇంకో వీధికి పోయే దారుల దగ్గర, ఆగిపోయాను. వీడియోల్లో ‘రహస్య సొరంగాలు’ అంటున్నారు, అది నాకు అస్సలు నచ్చలేదు. సందు, గొంది, దొడ్డిదారి... ఏది నప్పుతుంది?

— సొరంగం మాత్రం వద్దండి. సొరంగమంటే నేల కింద తవ్వినది. త్రబూల్ ఇళ్ల మధ్యలోంచే పోతుంది: వీధి తలుపు తోసుకుని లోపలికి వెళ్తే కప్పున్న సన్నటి దారి, అది దాటగానే పైన ఆకాశం కనిపించే లోగిలి, ఓ పక్క మెలికలు తిరిగిన రాతి మెట్లు, మళ్లీ ఇంకో చీకటి దారి, ఆ తర్వాత అవతలి వీధి. సేఁ-జాఁ వీధి 54వ నంబరు తలుపులో దూరితే బఫ్ వీధి 27లో తేలతారు, పాత ఊళ్లో బాగా పొడవైనది ఇదే. ‘అడ్డంగా నడిచి దాటు’ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి త్రబూల్ వచ్చిందంటారు. అందుకే నా ఓటు ‘నడవ’కి. పాత ఇళ్లలో వీధి గుమ్మం నుంచి మండువాలోకి వెళ్లే దారిని నడవ అనేవాళ్లం కదా, అందులోనూ నడకే ఉంది. ఇంకోటి, అవి జనం కాపురముంటున్న ఇళ్లు. కొన్నింటిని పగటిపూట తెరిచి ఉంచేలా నగరపాలక సంస్థ ఇళ్లవాళ్లతో ఒప్పందం చేసుకుంది. ‘రహస్య సొరంగం’ అని చదివి వెళ్లినవాళ్లు లోపల కేకలు పెడతారు, ‘నడవ’ అని చదివితే గొంతు తగ్గిస్తారు.

— అన్నా, నడవ బాగుంది, కానీ వీధి నుంచి వీధికి అన్న సంగతి అందులో రాదు. మొదటిసారి ‘ఇళ్ల నడవ’ అని చెప్పి, తర్వాతంతా త్రబూల్ అనే రాస్తే మేలు, అక్కడి బోర్డుల మీద కనిపించేదీ అదే. క్రువా-రూస్ గుట్టను మాత్రం వదలొద్దు. పట్టు నేతగాళ్లు, అంటే కాన్యూలు, ఉన్నది అక్కడే, 1831లోనూ 1834లోనూ తిరగబడ్డదీ వాళ్లే. ఎత్తైన మగ్గాలు పట్టాలని అక్కడి ఇళ్లకు కప్పులు బాగా పైకి కట్టారు. వొరాస్ లోగిలిలోని పెద్ద రాతి మెట్ల వరుస చూసి తీరాలి. ధర్మవరం మగ్గాల మీద బట్టలో డిజైన్లు నేసే పరికరాన్ని మనం జాకార్డు అంటున్నది ఆ ఊళ్లో పుట్టిన జోసెఫ్ మారీ జాకార్ పేరే. కాబట్టి ‘కార్మికులు’ అని రాయకండి, నేతగాళ్లనే అనండి.

— తిండి సంగతి నేను చెప్తాను. బూషోఁని రెస్టారెంట్ అనేస్తే చప్పగా ఉంటుంది, ‘పూటకూళ్ల ఇల్లు’ అని చూడండి. పెద్దింటి వంటగదుల్లో పనిచేసి బయటికొచ్చి సొంత భోజనశాలలు పెట్టుకున్న ఆడవాళ్లను ఆ ఊళ్లో ‘మేర్’, అంటే అమ్మ అని పిలిచేవారు. వాళ్లలో ఒకరైన యూజెనీ బ్రాజియే 1933లో రెండు భోజనశాలలకు మూడేసి మిషెలాఁ నక్షత్రాలు (భోజనశాలలకు మిషెలాఁ గైడ్ ఇచ్చే గుర్తింపు) సంపాదించింది. పూటకూళ్లమ్మ అన్న మాటకి అంత గౌరవం దక్కితే నాకు సంతోషం.

వంటకాల పేర్లు మక్కీకి మక్కీ తర్జుమా చేస్తే ఇబ్బంది. ‘సెర్వెల్ ద కాన్యూ’ని నేతగాడి మెదడు అని రాస్తే శాకాహారులు ముట్టుకోరు, తీరా చూస్తే అది మెత్తటి తాజా చీజ్‌లో ఉల్లికాడల్లాంటి చైవ్స్, వెల్లుల్లి, నూనె, వెనిగర్ కలిపినది. ‘తాబ్లియే ద సపర్’ పేరులో ఏప్రాన్ ఉన్నా ప్లేట్లోకొచ్చేది బోటి, వైన్‌లో నానబెట్టి బ్రెడ్ పొడి అద్ది వేయిస్తారు. కెనెల్ అంటే పైక్ చేప మాంసం మెత్తగా చేసి కట్టిన ముద్ద. లియోఁ సలాడ్‌లో పంది మాంసం ముక్కలు, గుడ్డు ఉంటాయి, మీవాళ్లలో తిననివాళ్లుంటే ముందే చెప్పమనండి.

— అందరికీ ధన్యవాదాలు. ‘ఇళ్ల నడవ’ ఖాయం, పూటకూళ్ల ఇల్లూ వాడతాను. అరసున్న మాత్రం ఉంచుతున్నాను. బూషోన్ అని రాస్తే ఆ ముక్కుపలుకు రాదు, పైగా దానికి సరిపోయే అక్షరం మన దగ్గరే ఉండగా వాడకపోవడమెందుకు?