సహస్రకుండ్ ఆదివారం: ఎవరు ఏ పని చూస్తారు?

అందరికీ నమస్కారం. ఈసారి మన పిక్నిక్‌కు లోణార్ సరస్సు కాదు, పైన్‌గంగ నది మీది సహస్రకుండ్ జలపాతం ఖాయం. బతుకమ్మ మొదలయ్యే ముందు వచ్చే ఆదివారం. సరస్సు చూడాలన్నవాళ్లు నా మీద అలిగారని తెలుసు. లోణార్ గొప్పదే. ఉల్క పడి ఏర్పడ్డ గుంట, 1.8 కిలోమీటర్ల వెడల్పు. 2020 జూన్‌లో నీళ్లు గులాబీ రంగుకు తిరిగింది కూడా అక్కడే. కానీ మన నాందేడ్ నుంచి పోయి రావడంతోనే రోజు అయిపోతుంది. చలికాలంలో రాత్రి ఆగేలా పెట్టుకుందాం.

సహస్రకుండ్ దాదాపు 100 కిలోమీటర్లు. భోకర్, హిమాయత్‌నగర్, ఇస్లాపూర్ దారి. ఆ పేరుతో రైలు స్టేషన్ ఉంది కానీ పెద్దవాళ్లతో, గిన్నెలతో రైలు దిగి ఎక్కడం నా వల్ల కాదు. పొద్దున ఆరింటికి బస్సు. ఆరు అంటే ఆరే, పోయినసారిలా ఏడున్నర కాదు.

బస్సు చూస్తున్న తమ్ముడు: అన్నా, నీళ్ల దగ్గర ఎవరుంటారు? నాకు అదే టెన్షన్.

నాకూ అదే. ఎగువన ఇసాపూర్ డ్యామ్ ఉంది. గేట్లు తెరిస్తే ఇక్కడ చుక్క వాన లేకున్నా పైన్‌గంగ పొంగుతుంది. ముందు రోజు, బయల్దేరే ముందు, రెండుసార్లు కనుక్కునే బాధ్యత నీదే. నల్లరాతి మీద నాచు ఉంటుంది, చెప్పులున్నా జారుతుంది. రాళ్ల మీదికి ఎవరూ దిగొద్దు, సెల్ఫీకి అసలే వద్దు. పిల్లలు పదిమందికి ఒక పెద్ద మనిషి కావాలి. ఇప్పటికి ముగ్గురే పేరిచ్చారు.

పంతులుగారు: బస్సులో నాకు పావుగంట ఇవ్వండి. ఆ నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా అని పిల్లలకు చెప్పాలి. ఇంకోటి, ఈ నీళ్లు వార్ధాలో, ఆపైన ప్రాణహితలో కలిసి కాళేశ్వరం దగ్గర గోదావరిని చేరతాయి. మన ఊరి ముందు పారే గోదావరి బాసర మీదుగా పోయి వాటిని కలిసేది కూడా అక్కడే.

పావుగంటే, పంతులుగారూ. క్విజ్ వద్దు.

వంట చూస్తున్న అక్క: పులిహోర, జొన్నరొట్టె, పల్లికారం, పెరుగన్నం. ఠేచా, అదే దంచిన పచ్చిమిర్చి పచ్చడి, పక్కింటి మరాఠీ వదిన చేస్తానంది, ఆమెకూ ఒక సీటు ఉంచు. సద్ది ఎవరికి వాళ్లే తెస్తామన్న మాట ఎత్తకండి, పోయిన ఏడాది పదిమంది ఖాళీ చేతులతో వచ్చారు. విస్తరాకులే, ప్లాస్టిక్ వద్దు.

సరే అక్కా. వదినకు ముందు సీటే.

అక్క: ఇంకో మాట. తిరుగు దారిలో చేల గట్ల మీద బతుకమ్మకు పేర్చే గునుగు పూసి ఉంటుంది. ఆడవాళ్లందరం దిగుతాం.

అరగంట ఆపుతాం. రైతును అడిగాకే కోయాలి. రెండు గోనెసంచులు, కొడవళ్లు ఎవరు తెస్తారో రాత్రిలోపు చెప్పండి.